శిక్ష స్వేచ్ఛకే, ఒంటికి కాదు: జైళ్లలో లైంగిక వ్యాధుల నివారణ

జైళ్ల గురించి దళిత ఉద్యమం మాట్లాడకపోలేదు. అక్రమ కేసుల మీద మాట్లాడింది. లాకప్ చావుల మీద మాట్లాడింది. దళితుల మీద దాడి చేసినోళ్లకి వారం తిరక్కుండా దొరికే బెయిలు, చిన్న దొంగతనం కేసులో ఇరుక్కున్న కూలోడికి ఏళ్ల తరబడి ఎందుకు దొరకదని నిలదీసింది. కానీ జైలు గోడల లోపల మనిషి ఒంటికి ఏమవుతోందనే ప్రశ్న దగ్గరికి, అందులోనూ లైంగిక వ్యాధుల దగ్గరికి వచ్చేసరికి మనం కూడా గొంతు తగ్గిస్తాం. సిగ్గు అడ్డొస్తుంది. ఇందులో సిగ్గుపడాల్సింది రాజ్యం అని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఈ వ్యాధులు జైల్లో ఎలా పాకుతాయి, ఎలా ఆపొచ్చు, చట్టం ఏం చెబుతోంది, మనం ఏం అడగాలి అనే నాలుగు విషయాలను మేము వరసగా చర్చిస్తాం.

లోపల ఉన్నది ఎవరు?

జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల ప్రకారం 2022 డిసెంబరు 31 నాటికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉన్నారు. ఆ జైళ్లలో పట్టేది 4,36,266 మందే. అంటే వంద మంది పడుకునే చోట 131 మందిని కుక్కారు. వీళ్లలో 4,34,302 మంది, అంటే నూటికి 75 మందికి పైగా, విచారణలో ఉన్న ఖైదీలు. వాళ్లని ఏ కోర్టూ ఇంకా దోషులని తేల్చలేదు. 2011 జనాభా లెక్కల్లో షెడ్యూల్డు కులాల వాటా 16.6 శాతం, షెడ్యూల్డు తెగల వాటా 8.6 శాతం. జైలు జనాభాలో ఒక్క ఎస్సీలే దాదాపు అయిదో వంతు ఉంటారు. ఎస్టీల వాటా, ముస్లింల వాటా కూడా జనాభాలో వాళ్ల వాటాను మించే ఉంటుంది. కాబట్టి జైలు ఆరోగ్యం అనేది ఎవరో నేరస్థుల గొడవ అనుకుని వదిలేయడానికి లేదు. అది మన వాడల ఆరోగ్యం.

ఇప్పుడు రెండో లెక్క చూద్దాం. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ 2021 అంచనాల ప్రకారం దేశంలో వయసొచ్చిన వాళ్లలో హెచ్ఐవి ఉన్నవారు 0.21 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 0.67 శాతం, తెలంగాణలో 0.47 శాతం. అదే కాలంలో ఆ సంస్థ జైళ్లలో చేసిన సర్వేల్లో ఖైదీలలో హెచ్ఐవి సుమారు 2 శాతం తేలింది. అంటే బయటితో పోలిస్తే దాదాపు పది రెట్లు.

ఈ అంకె చూసి తొందరపడి ఒక ముగింపుకి రాకూడదు. ఈ రెండు శాతం మందికీ జైల్లోనే వ్యాధి సోకిందని దీని అర్థం కాదు. చాలామంది వ్యాధితోనే లోపలికి వస్తారు. సూదులతో మత్తుమందు ఎక్కించుకునేవాళ్లు, సెక్స్‌వర్కర్లు, హిజ్రాలు, ఊరూరా తిరిగే వలసకూలీలు, లారీ క్లీనర్లు - వ్యాధి ఎవరిని ముందుగా పట్టుకుంటుందో పోలీసులూ వాళ్లనే ముందుగా పట్టుకుంటారు. బయట వైద్యం అందని మనుషులందరినీ రాజ్యమే ఒకచోట పోగేస్తోంది. పోగేసిన తర్వాత పరీక్ష లేకుండా, మందు లేకుండా, రక్షణ లేకుండా పడేస్తే ఆ వ్యాధి పక్కవాడికి పాకుతుంది. మొదటిది సమాజం చేసిన అన్యాయం. రెండోది జైలు చేసే అన్యాయం. రెంటినీ విడివిడిగా చూడాలి.

పేరులోనే తీర్పు

తెలుగులో ఈ జబ్బుల్ని ‘సుఖవ్యాధులు’ అంటారు. పల్లెల్లో సెగ, సవాయి, కొరుకు అనే మాటలు ఉండేవి. అవి జబ్బు లక్షణాన్ని బట్టి వచ్చిన పేర్లు. ‘సుఖవ్యాధి’ అనే మాట మాత్రం జబ్బుని చెప్పదు, రోగి మీద తీర్పు చెబుతుంది. సుఖపడ్డావు, అనుభవించు అంటుంది. బలాత్కారానికి గురైన ఖైదీకి, మొగుడి ద్వారా సిఫిలిస్ సోకిన ఆడమనిషికి, తల్లి కడుపులోనే అది అంటుకున్న బిడ్డకి ఏం సుఖం ఉంది? అందుకే మేము లైంగిక వ్యాధులు అనే మాటనే వాడుతున్నాం.

ఈ తీర్పుకి ఒక చరిత్ర ఉంది. బ్రిటిష్ పాలకులు తమ సైనికుల్ని ఈ జబ్బుల నుంచి కాపాడుకోడానికి 1864లో కంటోన్మెంట్ చట్టం, 1868లో అంటువ్యాధుల చట్టం తెచ్చారు. వాటి కింద పేద ఆడవాళ్లని వేశ్యలుగా రిజిస్టరు చేశారు. బలవంతంగా పరీక్షలు చేశారు. జబ్బుందంటే ‘లాక్ హాస్పిటల్’ అనే ఆసుపత్రుల్లో నిర్బంధించారు. వాళ్ల దగ్గరికొచ్చే మగవాళ్లని ఎవరూ రిజిస్టరు చేయలేదు. 1868 చట్టాన్ని 1888లో రద్దు చేశారు. ఇదే కాలంలో, 1871లో, నేరస్థ తెగల చట్టం వచ్చింది. పుట్టుకతోనే నేరస్థులనే ముద్ర వేసి ఎరుకల వంటి తెగలని స్టూవర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో పెట్టారు. ఆ చట్టం 1952 దాకా బతికింది. ఇటు నిజాం రాజ్యంలో 1919లో హిజ్రాల పేర్లు రిజిస్టరు చేసి, వారంటు లేకుండా అరెస్టు చేయడానికి వీలిచ్చే చట్టం తెచ్చారు. దాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది 2023లో.

అంటే ఫలానా మనుషుల ఒళ్లు అపవిత్రం, వాళ్లని వేరుగా పెట్టాలి అనే ఆలోచన మనకి కొత్తది కాదు. అంటరానితనం నడిచిందే ఆ ఆలోచన మీద. లైంగిక వ్యాధి సోకిన ఖైదీని చూసే చూపులో ఈ రెండూ కలుస్తాయి. అందుకే ఇది దళిత అధ్యయనాలు పట్టించుకోవాల్సిన ప్రశ్న.

జబ్బులు ఎలా పాకుతాయి?

లైంగిక వ్యాధుల్లో ముఖ్యమైనవి సిఫిలిస్, గనేరియా, క్లమీడియా, ట్రైకోమొనాస్, హెర్పిస్, హెచ్‌పివి, హెపటైటిస్-బి, హెచ్ఐవి. వీటిలో మొదటి నాలుగూ సరైన మందులతో పూర్తిగా నయమవుతాయి. హెపటైటిస్-బికి, హెచ్‌పివికి ముందుగానే టీకా ఉంది. హెచ్ఐవి పూర్తిగా పోదు కానీ మందులు రోజూ వాడితే మనిషి మామూలుగా బతుకుతాడు. రక్తంలో వైరస్ పరీక్షకి దొరకనంత తగ్గి, అలాగే నిలబడితే సంభోగం ద్వారా ఇంకొకరికి అంటదు. మన దేశంలో 2017 నుంచి, వ్యాధి ఉందని తేలిన ప్రతి ఒక్కరికీ ఉచితంగా ఏఆర్‌టి మందులు మొదలుపెట్టాలనే విధానం ఉంది.

మరి ఇన్ని మందులున్నా జబ్బు ఎందుకు పాకుతుంది? ఎందుకంటే చాలామందిలో పైకి ఏమీ కనపడదు. క్లమీడియా సోకిన ఆడవాళ్లలో ఎక్కువమందికి ఏ బాధా ఉండదు. సిఫిలిస్‌లో మొదట ఒక పుండు వస్తుంది. నొప్పి ఉండదు. కొన్ని వారాల్లో దానంతట అదే మానిపోతుంది. తగ్గిపోయిందిలే అనుకుంటాడు. జబ్బు మాత్రం ఒంట్లోనే ఉంటుంది, ఏళ్ల తర్వాత గుండెనో మెదడునో పట్టుకుంటుంది. తొలి దశలో పట్టుకుంటే బెంజతిన్ పెన్సిలిన్ ఇంజక్షన్ ఒక్కసారి, 24 లక్షల యూనిట్లు, సరిపోతుంది. మర్మాంగాల దగ్గర పుండు ఉన్న మనిషికి హెచ్ఐవి సోకే ప్రమాదం ఎక్కువ. కాబట్టి ఒక పెన్సిలిన్ ఇంజక్షన్ సిఫిలిస్‌నే కాదు, కొంతవరకు హెచ్ఐవిని కూడా ఆపుతుంది.

జైల్లో దీనికి తోడు మరికొన్ని కలుస్తాయి. బారక్‌లో ఒకరి మీద ఒకరు పడుకోవాలి. ఒకే బ్లేడుతో నలుగురు గడ్డం గీసుకుంటారు. సూదితో పచ్చబొట్లు పొడుచుకుంటారు. మత్తుమందు లోపలికొచ్చే జైళ్లలో ఒక సిరంజి చేతులు మారుతుంది. హెచ్ఐవి, హెపటైటిస్-బి, హెపటైటిస్-సి రక్తం ద్వారా కూడా పాకుతాయి కాబట్టి సంభోగం ఒక్కటే చూస్తే చాలదు. అదే సమయంలో ఒక విషయం గట్టిగా చెప్పాలి. కలిసి తినడం వల్ల, ఒకే గ్లాసు వాడడం వల్ల, ఒకే మరుగుదొడ్డికి వెళ్లడం వల్ల, దోమ కుట్టడం వల్ల హెచ్ఐవి రాదు. కాబట్టి హెచ్ఐవి ఉన్న ఖైదీని వేరే గదిలో పెట్టడానికి వైద్యపరంగా ఏ కారణమూ లేదు. అలా పెట్టడం వెలివాడని జైల్లో కట్టడమే.

లేదనుకున్నదే ఉంది

జైల్లో సెక్స్ జరుగుతుందని ఒప్పుకోడానికి అధికారులు ఇష్టపడరు. జరుగుతుంది. అది మూడు రకాలుగా ఉంటుంది. ఇద్దరి ఇష్టంతో జరిగేది ఒకటి. బీడీల కోసమో, సబ్బు కోసమో, పడుకోడానికి కాస్త మంచి చోటు కోసమో, పెద్ద ఖైదీ అండ కోసమో ఒప్పుకునేది ఇంకొకటి. బలాత్కారం మూడోది. ఇంటి నుంచి మనియార్డరు రాని కుర్రాడు, ములాఖత్‌కి ఎవరూ రాని కుర్రాడు రెండో దానికీ మూడో దానికీ ముందుగా బలవుతాడు. ఆ కుర్రాడు ఎక్కువగా ఏ కులాల నుంచి వస్తాడో వేరే చెప్పనక్కర్లేదు.

ఈ విషయం మన దేశంలో బహిరంగ చర్చకు వచ్చింది 1994లో. ఢిల్లీ తీహార్ జైల్లో ఖైదీలకి కాండోములు ఇవ్వాలనే సూచన వచ్చింది. అప్పుడు అక్కడ ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా ఉన్న కిరణ్ బేడీ అందుకు ఒప్పుకోలేదు. స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసే శిక్షాస్మృతి 377వ సెక్షను ఆ చర్చకి కేంద్రమైంది. అదే ఏడాది ‘ఎయిడ్స్ భేద్‌భావ్ విరోధీ ఆందోళన్’ అనే సంస్థ ఢిల్లీ హైకోర్టులో ఆ సెక్షన్‌ని సవాలు చేసింది. ఆ పిటిషను నడిపేవాళ్లు లేక 2001లో కొట్టేశారు. తర్వాత 2009లో ఢిల్లీ హైకోర్టు వేరే కేసులో ఆ సెక్షన్‌ని సడలించడం, 2013లో సుప్రీంకోర్టు దాన్ని తిరగదోడడం జరిగాయి. చివరికి 2018 సెప్టెంబరు 6న, వయసొచ్చిన ఇద్దరి మధ్య ఇష్టపూర్వక సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు తేల్చింది. అంటే కాండోములకు అడ్డుగా చూపించిన చట్టం పోయింది. అయినా మన జైళ్లలో చాలాచోట్ల ఖైదీ చేతికి కాండోము అందడం లేదు.

అభ్యంతరాలు ఏమిటో చూద్దాం. కాండోములు ఇస్తే సెక్సుని ప్రోత్సహించినట్టే అంటారు. ఆస్ట్రేలియాలోని న్యూసౌత్‌వేల్స్ రాష్ట్రం 1996 నుంచి జైళ్లలో మెషిన్ల ద్వారా కాండోములు ఇస్తోంది. అక్కడ పరిశోధకులు ఏళ్ల తరబడి చూసినా లైంగిక దాడులు పెరిగినట్టు కనపడలేదు. వాటిలో మత్తుమందు దాస్తారని ఇంకో అభ్యంతరం. దాచేవాడికి పాలిథిన్ సంచి చాలు. జైలు పరువు పోతుందంటారు. జైలు పరువు కోసం మనిషి జబ్బు తెచ్చుకోవాలా? ప్రపంచ ఆరోగ్య సంస్థ జైళ్లలో కాండోములు అందుబాటులో ఉంచాలని 1993లోనే చెప్పింది. అయితే ఇచ్చే పద్ధతి ముఖ్యం. వార్డరుని అడిగి తీసుకోవాలంటే ఎవడూ తీసుకోడు. జైలు ఆసుపత్రి గదిలో, స్నానాలగది దగ్గర, ఎవరూ చూడకుండా తీసుకునే వీలుండాలి.

కాండోము ఒక్కటే బలాత్కారాన్ని ఆపదు. అక్కడ చట్టంలోనే ఒక గుంట ఉంది. 2018 తీర్పు తర్వాత కూడా 377వ సెక్షను, ఇష్టం లేకుండా జరిగే చర్యల విషయంలో మిగిలే ఉంది. మగ ఖైదీ మీద జరిగిన దాడికి కేసు పెట్టాలంటే అదే ఆధారం. 2024 జులై 1న భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చినప్పుడు ఆ సెక్షన్‌ని పూర్తిగా తీసేశారు. కొత్త సంహితలో అత్యాచారం నిర్వచనం బాధితురాలు స్త్రీ అయితేనే వర్తిస్తుంది. హిజ్రాల మీద లైంగిక హింసకి 2019 ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల చట్టంలో గరిష్ఠ శిక్ష రెండేళ్లు మాత్రమే. అంటే జైల్లో బలాత్కారానికి గురైన మగవాడికి కొట్టారు, నిర్బంధించారు అనే సెక్షన్లు తప్ప అసలు జరిగినదాన్ని పేరుపెట్టి చెప్పే సెక్షను లేకుండా పోయింది. ఈ గుంట పూడ్చమని అడగడం మన పని. ఈలోగా, దాడికి గురైన ఖైదీకి 72 గంటల్లోపు హెచ్ఐవి రాకుండా మందులు మొదలుపెట్టాలి. ఎంత త్వరగా అయితే అంత మంచిది. ఆ మందులు జైలు డాక్టరు దగ్గర ఉండాలి.

చట్టం ఏమంటోంది?

హెచ్ఐవి, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం 2017లో వచ్చి, 2018 సెప్టెంబరు 10 నుంచి అమలవుతోంది. దాని 31వ సెక్షను ప్రకారం రాజ్యం కస్టడీలో ఉన్న ప్రతి ఒక్కరికీ హెచ్ఐవి నివారణ, కౌన్సెలింగ్, పరీక్ష, చికిత్స పొందే హక్కు ఉంది. శిక్ష పడ్డవాళ్లు, విచారణలో ఉన్నవాళ్లు, ముందస్తు నిర్బంధంలో ఉన్నవాళ్లు, బాలల హోముల్లో, ప్రభుత్వ వసతి గృహాల్లో ఉన్నవాళ్లు అందరూ ఇందులోకి వస్తారు. 22వ సెక్షను ప్రకారం, కేంద్రం మార్గదర్శకాలకు లోబడి కాండోములు, శుభ్రమైన సూదులు ఇవ్వడం వంటి నివారణ చర్యలు నేరం కావు, వాటిని ఎవరూ అడ్డుకోకూడదు. మనిషి ఒప్పుకోకుండా పరీక్ష చేయడం, ఫలితం బయటపెట్టడం ఈ చట్టం సాధారణంగా ఒప్పుకోదు.

అంటే ఇది జైలరు దయ కాదు, హక్కు. అంతర్జాతీయంగా కూడా 2015లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన నెల్సన్ మండేలా నియమాలు, బయట జనానికి ఏ స్థాయి వైద్యం అందుతుందో ఖైదీకి కూడా ఆ స్థాయి వైద్యమే అందాలని చెబుతాయి. మన సుప్రీంకోర్టు 1970ల చివరి నుంచి సునీల్ బత్రా వంటి కేసుల్లో, జైలు గేటు దాటినంత మాత్రాన మనిషి ప్రాథమిక హక్కులు పోవని చెబుతూనే ఉంది.

ఇక్కడ మన నేల మీది కేసు ఒకటి గుర్తు చేసుకోవాలి. 1977 మే నెలలో కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్‌జైలు మీద బాంబులు వేశారు. లోపలున్న తండ్రీకొడుకుల్లో తండ్రి చనిపోయాడు, కొడుకు గాయపడ్డాడు. తమ ప్రాణానికి ముప్పుందని వాళ్లు ముందే చెప్పుకున్నా కాపలా పెంచలేదు. నష్టపరిహారం అడిగితే, సార్వభౌమ అధికారంతో చేసే పనికి మాది బాధ్యత కాదని ప్రభుత్వం వాదించింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వర్సెస్ చల్లా రామకృష్ణారెడ్డి కేసులో 2000లో సుప్రీంకోర్టు ఆ వాదనని ఒప్పుకోలేదు. ఖైదీకి జీవించే హక్కు ఉంది, దాన్ని కాపాడడంలో నిర్లక్ష్యం చేస్తే రాజ్యమే పరిహారం కట్టాలి అంది. బాంబు ఒక్క రాత్రిలో చేసిన పని జబ్బు ఏళ్ల తరబడి చేస్తుంది. తాళం రాజ్యం చేతిలో ఉన్నప్పుడు బాధ్యత కూడా రాజ్యానిదే.

ఏం చేయాలి?

ఒకటి. జైల్లోకి వచ్చిన రోజే ప్రతి ఖైదీకి వైద్య పరీక్ష జరగాలి. పుండ్లు, చీము, మంట, పొత్తికడుపు నొప్పి గురించి ఏకాంతంలో అడగాలి. పక్కన పోలీసోడు నిలబడి ఉంటే ఎవడు చెబుతాడు? సిఫిలిస్, హెచ్ఐవి, హెపటైటిస్-బి, సి పరీక్షలు విడమర్చి చెప్పి, ఒప్పుకుంటేనే చేయాలి. ఒప్పుకోనివాడికి ఏ ఇబ్బందీ పెట్టకూడదు.

రెండు. జబ్బు తేలిన రోజే మందు ఇవ్వాలి. ప్రభుత్వ సురక్షా క్లినిక్‌లలో లక్షణాలను బట్టి రంగురంగుల పెట్టెల్లో మందుల కిట్లు ఇస్తారు. అవే కిట్లు జైలు ఆసుపత్రిలో ఉండాలి. బయటికి పంపాలంటే ఎస్కార్టు లేదని వారాల తరబడి వాయిదా వేసే అవసరం రాదు.

మూడు. గోప్యత. హెచ్ఐవి ఉన్నవాడి రిజిస్టరు మీద ఎర్ర గుర్తు పెట్టడం, మందుల కోసం వేరే వరసలో నిలబెట్టడం, పేరుపెట్టి పిలవడం ఇవన్నీ ఫలితాన్ని బయటపెట్టడమే. ఒకడికి అలా జరిగితే మిగతా వంద మంది పరీక్షకి రారు.

నాలుగు. కాండోములు అందుబాటులో ఉంచాలి. హెపటైటిస్-బి టీకా మూడు డోసులు వేయాలి. ఎవడి బ్లేడు వాడికి ఇవ్వాలి. మత్తుమందుకి అలవాటుపడ్డవాళ్లకి నోటి ద్వారా ఇచ్చే ప్రత్యామ్నాయ మందులు పెట్టాలి.

అయిదు. ఆడ ఖైదీలు మొత్తంలో నూటికి నలుగురే కాబట్టి వాళ్ల సంగతి ఎప్పుడూ చివరికి పోతుంది. లేడీ డాక్టరు వారం వారం రావాలి. తెల్లబట్ట అయిన ప్రతిదీ లైంగిక వ్యాధి కాదు. పరీక్షించకుండా ఆ మనిషి నడత మీద మాట వేయడం డాక్టరు పని కాదు. గర్భిణికి సిఫిలిస్ పరీక్ష తప్పనిసరిగా అందాలి. సకాలంలో పెన్సిలిన్ పడితే బిడ్డ బతుకుతుంది, పడకపోతే కడుపులోనే చనిపోవచ్చు. తల్లితో పాటు జైల్లో ఉండే పిల్లల గురించి సుప్రీంకోర్టు 2006లో ఆర్.డి.ఉపాధ్యాయ్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ కేసులో వివరమైన ఆదేశాలు ఇచ్చింది. ఆరేళ్ల దాకా బిడ్డ తల్లి దగ్గర ఉండొచ్చు, ఆ బిడ్డకి వైద్యం, టీకాలు అందాలి అని అందులో ఉంది.

ఆరు. విడుదల రోజు. ఏఆర్‌టి మందులు రోజూ వేసుకోవాల్సినవి. చాలామంది కోర్టు నుంచి హఠాత్తుగా బయటపడతారు, చేతిలో మాత్ర ఉండదు, కాగితం ఉండదు. కనీసం నెల మందులు, దగ్గర్లోని ఏఆర్‌టి కేంద్రానికి ఉత్తరం చేతికివ్వాలి. ఒక జైలు నుంచి ఇంకో జైలుకి మార్చినప్పుడు కూడా మందు ఆగకూడదు. ఇంట్లో భార్యకో భర్తకో ఎలా చెప్పాలో, పరీక్ష ఎలా చేయించాలో ముందే కౌన్సెలింగ్ చేయాలి. ఇక్కడ తప్పిపోతే వ్యాధి నేరుగా వాడకి వస్తుంది.

చీపురు ఎవరి చేతిలో?

ఇవన్నీ వైద్యులు చెప్పే మాటలే. దళిత దృక్పథం నుంచి వీటికి ఒక ప్రశ్న కలపాలి. జైల్లో సేవలు అందరికీ సమానంగా అందుతాయా?

2024 అక్టోబరు 3న సుకన్య శాంత వర్సెస్ కేంద్ర ప్రభుత్వం కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. జర్నలిస్టు సుకన్య శాంత వేసిన ఆ పిటిషను, రాష్ట్రాల జైలు మాన్యువళ్లలో కులం ఎలా రాసుందో బయటపెట్టింది. వంట పై కులాలకి, మరుగుదొడ్లు ఊడవడం ఫలానా కులాలకి అని నియమాల్లోనే ఉంది. సంచార తెగల వాళ్లకి పారిపోయే గుణం పుట్టుకతోనే ఉంటుందని రాసి ఉంది. ఇవి రాజ్యాంగ విరుద్ధమని కోర్టు కొట్టేసింది. మూడు నెలల్లో మాన్యువళ్లు మార్చమంది. జైలు రిజిస్టర్లలో కులం గడి తీసేయమంది.

దీనికీ లైంగిక వ్యాధులకీ సంబంధం ఏమిటి? జైల్లో ఆసుపత్రి ఊడ్చేది, రక్తం అంటిన గుడ్డలు ఎత్తేది, మురుగు దించేది ఎవరు? చేతికి తొడుగు లేకుండా వాడిన సూదులు ఎత్తే మనిషికి హెపటైటిస్-బి సోకే ప్రమాదం అందరికన్నా ఎక్కువ. కులాన్ని బట్టి పని పంచితే ప్రమాదాన్ని కూడా కులాన్ని బట్టి పంచినట్టే. మాన్యువల్‌లో అక్షరం పోయినా ఆచారం పోయిందా లేదా అని చూడాల్సింది మనం. అలాగే, పని పంచడానికి వాడే కులం గడి పోవాల్సిందే కానీ, జైళ్లలో ఎస్సీ, ఎస్టీలు ఎంతమంది, వాళ్లకి వైద్యం ఎంత అందింది అనే గణాంకాలు ఆగకూడదు. లెక్క లేకపోతే వివక్ష కనపడదు.

అన్నిటికన్నా పెద్ద మందు

ఇన్ని చెప్పాక కూడా, వంద మంది పట్టే చోట అంతకు మించి మందిని పెట్టినంత కాలం ఏ నివారణా సగానికి మించి పనిచేయదు. ఈ రద్దీలో నాలుగింట మూడు వంతులు విచారణ ఖైదీలు. కాబట్టి బెయిలు కూడా ఆరోగ్య సమస్యే. భారతీయ నాగరిక సురక్ష సంహిత 479వ సెక్షను ప్రకారం, మొదటిసారి కేసులో ఇరుక్కున్న విచారణ ఖైదీ ఆ నేరానికి ఉన్న గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం లోపల గడిపితే విడుదల చేయాలి. మిగతావాళ్లకి సగం కాలం. ఉరిశిక్ష, యావజ్జీవం పడే నేరాలకి ఇది వర్తించదు. అర్హులైనవాళ్ల గురించి కోర్టుకి దరఖాస్తు పెట్టాల్సిన బాధ్యత జైలు సూపరింటెండెంటుదే. పాత కేసులకి కూడా ఇది వర్తిస్తుందని 2024 ఆగస్టులో తేలింది. అయితే ఒకటికి మించి కేసులు ఉంటే ఈ సెక్షన్ కింద విడుదల లేదు. పోలీసులు ఒకే మనిషి మీద మూడు నాలుగు కేసులు బనాయించే అలవాటు మన వాడల్లో అందరికీ తెలిసిందే. ఆ మినహాయింపు ఎవరిని లోపల ఉంచడానికి పనికొస్తుందో ఊహించుకోవచ్చు.

మనం అడగాల్సినవి

కార్యకర్తలు సమాచార హక్కు చట్టం కింద తమ జిల్లా జైలుని ఈ ప్రశ్నలు అడగొచ్చు. కిందటి ఏడాది ఎంతమందికి సిఫిలిస్ పరీక్ష చేశారు? ఎంతమందికి మందు ఇచ్చారు? హెపటైటిస్-బి టీకాలు ఎన్ని వేశారు? కాండోములు ఇస్తున్నారా, ఇవ్వకపోతే ఏ ఉత్తర్వు ప్రకారం? డాక్టరు పోస్టులు ఎన్ని ఖాళీ? 479వ సెక్షన్ కింద ఎంతమంది పేర్లు కోర్టుకి పంపారు? అంకెలే అడగాలి, పేర్లు ఎప్పుడూ అడగకూడదు. ఒక మనిషి ప్రాణానికీ స్వేచ్ఛకీ సంబంధించిన సమాచారమైతే 48 గంటల్లో ఇవ్వాలని ఆ చట్టంలో ఉంది. బెయిలు, వైద్యం అందని ఖైదీల గురించి జిల్లా న్యాయసేవాధికార సంస్థకి రాయొచ్చు. 15100కి ఫోన్ చేయొచ్చు. హెచ్ఐవి గురించి 1097 నంబరు ఉచితంగా చెబుతుంది.

లా చదివే విద్యార్థులు, సోషల్ వర్క్ విద్యార్థులు జైలు న్యాయసహాయ కేంద్రాల్లో పనిచేసేటప్పుడు కేసు కాగితాలతో పాటు మందు కాగితం కూడా అడగాలి. ఉపాధ్యాయులు బడిలో ఈ జబ్బుల గురించి సిగ్గులేకుండా, భయపెట్టకుండా చెప్పాలి. జైలు నుంచి వచ్చిన తండ్రి ఉన్న పిల్లవాడిని క్లాసులో ఎవరూ వేలెత్తి చూపకుండా కాపాడాలి. వాడలో మనం చేయాల్సింది ఇంకొకటి ఉంది. జైలు నుంచి వచ్చినోడి గ్లాసు వేరు పెట్టొద్దు. వేరు గ్లాసు అంటే ఏమిటో మనకన్నా బాగా తెలిసినవాళ్లు ఎవరూ లేరు.